ఇంజనులోని మసి

పల్నాటి పెద్దలారా,

తడికట్టెల పొయ్యిమీది కుండకు మసి పట్టుట మీరెరుగుదురు. కార్బురేటరు గల పాతకార్ల ఇంజనులలోను ఇట్లే జరుగును. చాలినంత గాలి దొరకనిచో పెట్రోలు పూర్తిగా మండక, పిస్టను తలపైన, వాల్వులపైన బొగ్గై గట్టిపడును. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట సీసము కలపని పెట్రోలే వచ్చుచున్నందున సీసపు మడ్డి పోయినది. మసి మాత్రము పోలేదు. మిట్ట ఎక్కునప్పుడు టకటక చప్పుడగుటయు, తాళము త్రిప్పి ఆపినను ఇంజను కొంతసేపు కొట్టుకొనుటయు దాని గురుతులు. అర్ధరాత్రి పురిటినొప్పులు పడు ఆడపడుచును నరసరావుపేటకు చేర్చవలసిన బండిని అట్టి స్థితిలో ఉంచరాదు.

ఖర్చు తక్కువ మందు మొదట చెప్పెదను. పిడుగురాళ్ల సున్నపుబట్టీల దుమ్ములో తిరుగు బండికి గాలివడపోత త్వరగా మూసుకొనిపోవును. దానిని దులుపుడు, లేదా మార్చుడు. చల్లారిన ఇంజను నుండి స్పార్కుప్లగ్గులు విప్పి మసి తుడువుడు. రెండు వీధులు తిరిగి ఆగు బండి చక్కగా వేడెక్కదు గావున మసి పెరుగును. అప్పుడప్పుడు మాచర్ల దారిని అరగంటసేపు ఆపక నడిపినచో లేత మసి కొంత కాలిపోవును.

అప్పటికిని చప్పుడు తగ్గనిచో, మేస్త్రీచే హెడ్డు విప్పించి, మసిని డీసెలుతో నానబెట్టి, చెక్కపుల్లతో గీకింపవలెను. ఇనుప ఉలి అల్యూమినియము పిస్టనును గాయపరచును. గీకిన పొడి సిలిండరులో మిగులరాదు; హెడ్డు గాస్కెట్టు క్రొత్తది వేయింపవలెను. నడుచు ఇంజనులో నీరు పోయుట చౌకవైద్యమని కొందరందురు. నీరు హెచ్చినచో కనెక్టింగురాడ్డు వంగి, బండి వెలలో సగము మరమ్మతుకే పోవచ్చును. ఈ సంగతి మీ ఊరి డ్రైవరులకు తప్పక చెప్పవలెనని కోరుచున్నాను.