గయానా వెళ్తున్నారా? టిక్కెట్ కంటే ముందు టీకా సంగతి చూసుకోండి

క్రోసూరు: చదువుకో, ఉద్యోగానికో గల్ఫ్, అమెరికా వెళ్లడం మన కుటుంబాలకు కొత్త కాదు. ఇప్పుడు దక్షిణ అమెరికాలోని గయానా పేరు కూడా వినిపిస్తోంది. తెలుగు రాష్ట్రాల విద్యార్థులు కొందరు అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నారు. 2019 చివర్లో సముద్రంలో చమురు తీయడం మొదలయ్యాక పనులూ పెరిగాయి. బిడ్డను చూసొద్దామని అమ్మీ, అబ్బా బయల్దేరితే వీసా, టిక్కెట్ గురించి అందరూ చెప్తారు. అసలు చిక్కు మాత్రం తిరిగొచ్చేటప్పుడు వస్తుంది. అదే ఎల్లో ఫీవర్ టీకా.

వచ్చేటప్పుడు అడుగుతారు

ఎల్లో ఫీవర్ దోమకాటుతో వచ్చే ప్రమాదకరమైన జ్వరం. ఆ జబ్బు మన దేశంలో లేదు. కానీ దాన్ని వ్యాప్తి చేసే దోమ ఉంది, డెంగీ తెచ్చేది కూడా అదే. అందుకే ప్రభుత్వం గట్టిగా ఉంటుంది. గయానా, సురినామ్, బ్రెజిల్, పెరూ లాంటి దేశాల నుంచి బయల్దేరిన 6 రోజుల లోపు ఇక్కడ దిగేవాళ్ల దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే గరిష్ఠంగా 6 రోజులు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఇంటివాళ్లు శంషాబాద్‌లో ఎదురుచూస్తున్నా వదలరు.

ఉమ్రాకు మెనింజైటిస్ టీకా ముందే వేయించుకుంటాం కదా, ఇదీ అంతే. టీకా వేసిన 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర, మామూలు ప్రైవేటు క్లినిక్‌లో దొరకదు, కేంద్ర ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని, ఒరిజినల్ పాస్‌పోర్టుతో వెళ్లండి.

60 ఏళ్లు దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. 9 నెలల లోపు పసిపిల్లలకు సాధారణంగా ఈ టీకా వేయరు.

మన పేర్లతో ఇంకో తిప్పలు. ‘షేక్’ అనేది ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగ్ ఉంటుంది. టీకా కార్డు, టిక్కెట్, వీసా అన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. కార్డు చేతికిచ్చినప్పుడే అక్షరం అక్షరం చూసుకోండి.

దారి, వీసా

మన దేశం నుంచి గయానాకు నేరుగా విమానం లేదు. న్యూయార్క్, మయామీ మీదుగా వెళ్తే విమానం మారడానికి కూడా అమెరికా ట్రాన్సిట్ వీసా కావాలి. తక్కువ ధర చూసి టిక్కెట్ కొనే ముందు, మధ్యలో దిగే ప్రతి దేశం నిబంధన ఏంటో అడగండి. గయానా వీసా వివరాలకు ఢిల్లీలోని ఆ దేశ హైకమిషన్‌ను సంప్రదించాలి.

అక్కడ ఎలా ఉంటుంది?

రాజధాని జార్జ్‌టౌన్. అధికార భాష ఇంగ్లిష్. 1838 నుంచి మన దేశపు కూలీలను చెరకు తోటల పనికి ఓడల్లో తీసుకెళ్లారు. వాళ్ల సంతానమే ఇప్పటి ఇండో-గయానీలు. జనాభాలో ముస్లింలు సుమారు 7 శాతం. జార్జ్‌టౌన్‌లో క్వీన్స్‌టౌన్ జామా మసీదు ఉంది, మిలాదున్నబీకీ బక్రీద్‌కీ దేశమంతా సెలవు. హలాల్ కోసం పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. రోటీ, కూర అక్కడ ఇంటి భోజనమే. కారం తినే అలవాటు కూడా ఉంది, కాబట్టి పల్నాడు మిర్చి తిన్న నోటికి ఇబ్బంది లేదు.

ఒక్క విషయం మర్చిపోవద్దు. ఇక్కడ ఖిబ్లా పడమర, అక్కడ తూర్పు, కాస్త ఉత్తరం వైపు. అలవాటు ప్రకారం పడమరకు తిరగకండి.

టైమ్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. మనకు ఇషా తర్వాత రాత్రి 9.30 అయితే అక్కడ మధ్యాహ్నం 12. ఇంటికి ఫోన్ చేయడానికి అది అనువైన వేళ.

జాగ్రత్తలు

వానలు మే నుంచి ఆగస్టు దాకా, మళ్లీ డిసెంబరు, జనవరిల్లో పడతాయి. తీరంలో డెంగీ, లోపలి అడవుల్లో మలేరియా ఉన్నాయి. నిండు చేతుల బట్టలు, దోమల మందు వెంట ఉంచుకోండి. రాత్రిళ్లు జార్జ్‌టౌన్‌లో ఒంటరిగా నడవొద్దు, నగలు బయటికి కనిపించనివ్వొద్దు. ట్యాక్సీల నంబరు ప్లేటు ‘హెచ్’ అక్షరంతో మొదలవుతుంది, అది చూసి ఎక్కండి. ఖర్చులకు అమెరికా డాలర్లు తీసుకెళ్లి అక్కడ మార్చుకోవచ్చు. ఒక అమెరికా డాలర్‌కు 200కు పైగా గయానా డాలర్లు వస్తాయి. బీపీ, షుగర్ మందులు చీటీతో సహా చేతి బ్యాగులోనే పెట్టుకోండి. ఆపద వస్తే జార్జ్‌టౌన్‌లోనే భారత హైకమిషన్ ఉంది. ఆ నంబరు బయల్దేరే ముందే రాసిపెట్టుకోండి.

టీకా కార్డును పాస్‌పోర్టులోనే పెట్టండి, ఒక ఫొటో ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఉంచండి. బిడ్డను చూసిన సంతోషంతో తిరిగొచ్చి దిగిన రోజే ఇల్లు చేరాలంటే అది దగ్గర ఉండాల్సిందే.