లినక్స్ వేశారా... తాళాలు జాగ్రత్త!

పాల్వంచ అనగానే గుర్తొచ్చేవి రెండు- కిన్నెరసాని జలాశయం, థర్మల్ విద్యుత్ కేంద్రం. చూడ్డానికి ఎంతమంది వెళ్లినా డ్యామ్ గేట్లు ఎత్తేదీ, కంట్రోల్‌రూమ్‌లో మీటలు నొక్కేదీ ఆ బాధ్యత ఉన్నవాళ్లే. ఇంట్లో కంప్యూటర్‌కీ అదే సూత్రం... అందులో కొత్తగా లినక్స్ వేసుకుంటే మరీనూ!

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి సరిపోని పాత కంప్యూటర్లను మూలన పడేయకుండా వాడుకోవాలంటే లినక్స్ ఓ మంచి దారి. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ బాటలోనే, ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనికి శ్రీకారం చుట్టాడు. ఉబుంటు, మింట్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. మన సీడాక్ సంస్థ 2007లో తెచ్చిన 'బాస్' కూడా లినక్సే. తెలుగులో పనిచేసే లినక్స్ కోసం హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' సంస్థ కృషి చేసింది.

సరే, ఇన్‌స్టాల్ అయిపోయింది. తర్వాతేం చేయాలి?

యజమాని ఎవరు?

లినక్స్‌లో సర్వాధికారాలూ ఉన్న ఖాతా పేరు 'రూట్'. అది ఏ ఫైలునైనా తుడిచేయగలదు. అందుకే ఉబుంటు, మింట్‌లలో మామూలుగా రూట్ ఖాతాతో నేరుగా లోపలికి వెళ్లడం కుదరదు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఇచ్చిన పేరే యజమాని ఖాతా. అవసరమైనప్పుడు ఆదేశానికి ముందు 'సుడో' అని చేర్చి పాస్‌వర్డ్ కొడితే, కాసేపు ఆ అధికారం చేతికొస్తుంది. బీరువా తాళం తీసి, పని కాగానే మళ్లీ వేసినట్టన్నమాట! పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు తెరమీద ఏమీ కనిపించకపోవచ్చు. కంగారుపడకుండా పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.

పిల్లలకీ, తాతయ్యకీ సెట్టింగ్స్‌లోని 'యూజర్స్' విభాగంలో విడిగా 'స్టాండర్డ్' ఖాతాలు ఇవ్వండి. ఏం నొక్కినా అసలు వ్యవస్థ చెదిరిపోదు.

ముందు అప్‌డేట్

టెర్మినల్ తెరిచి 'సుడో ఆప్ట్ అప్‌డేట్' అని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. కొత్తగా ఏమొచ్చాయో జాబితా వస్తుంది. తర్వాత 'సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్' కొడితే అవన్నీ చేరతాయి. భద్రతా లోపాలు పూడేది దీంతోనే. మొదటిసారి వందల ఎంబీలు దిగొచ్చు, ఫోన్ డేటాతో చేసేవాళ్లు చూసుకోవాలి.

గడియ వేయండి

బయటివాళ్లు చొరబడకుండా కాపాడే ఫైర్‌వాల్ ఈ రెండింటిలోనూ ఉంటుంది. కానీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. 'సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్' అంటే చాలు, పనిలోకి దిగుతుంది. పనిలోపనిగా టైమ్‌జోన్ 'కోల్‌కతా' అని ఉందో లేదో చూసి, కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగును చేర్చుకోండి.

ఫొటోలు భద్రమేనా?

మింట్‌లో ఉండే 'టైమ్‌షిఫ్ట్'తో వ్యవస్థ నకలు తీసి ఉంచుకుంటే, అప్‌డేట్ బెడిసికొట్టినా పాత స్థితికి వెళ్లొచ్చు. అయితే పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు మామూలుగా అందులో చేరవు. వాటిని వేరే హార్డ్‌డిస్కులోకి విడిగా కాపీ చేసుకోవాల్సిందే.

ఆఖరిగా ఓ మాట. ఎవరో చెప్పారని తెలియని ఆదేశాన్ని 'సుడో' చేర్చి కొట్టకండి. అదేం చేస్తుందో ముందు కనుక్కోండి. గేటెత్తాక నీళ్లని వెనక్కి పిలవలేం కదా!