ఆరు కింద ఐదు చుక్కలు

వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడే ఆట ఏది కొనాలో తేల్చి గురువారానికల్లా ఇమ్మన్నారు సంపాదకులు. ‘కటాన్’, ‘టికెట్ టు రైడ్’, ‘కార్కసాన్’ పెట్టెలు తెచ్చి, ఇంట్లో ఐదుగురం మూడు రాత్రులు ఆడాం. నా మనసంతా కటాన్‌లోని పద్దెనిమిది గుండ్రటి అట్టబిళ్లల మీదే ఉండిపోయింది.

ప్రతి బిళ్ల మీదా ఒక అంకె, దాని కింద సన్నటి చుక్కలు. 2 కింద ఒకటే చుక్క, 6 కింద ఐదు. ఎందుకలా అని పిల్లలడిగితే కాగితం కోసం లేచాను. ఈలోపే మా అత్తగారు చెప్పేశారు: ‘‘గవ్వలేస్తే రెండు మాటిమాటికీ పడుతుంది, అష్టా ఎప్పుడో గానీ పడదు. ఇదీ అంతేరా!’’

సరిగ్గా అంతే. నాలుగు గవ్వలు పదహారు రకాలుగా పడొచ్చు. రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడేవి అందులో ఆరు. నాలుగూ వెల్లకిలా పడే చెమ్మా, నాలుగూ బోర్లా పడే అష్టా ఒక్కొక్కటే. కటాన్‌లో వేసే రెండు పాచికలైతే 36 రకాలు: 7 ఆరుసార్లు, 6, 8 చెరో ఐదుసార్లు, 2, 12 ఒక్కోసారి. ఆ లెక్కే చుక్కలుగా అచ్చేశారు. పాచికల మొత్తం ఎంతైతే ఆ అంకె బిళ్ల ఉన్న పలక సరుకిస్తుంది కాబట్టి, 6 ఉన్న పలక మూలన ఊరు కట్టుకుంటే కట్టెలో, ధాన్యమో తరచూ చేతికొస్తాయి. ఇది తెలిశాక అత్తగారు చుక్కలు చూడకుండా ఊరు పెట్టలేదు. గొర్రె ఇస్తే ఇటుక ఇస్తావా అని మనవడితో బేరమాడి, అందరికంటే ముందు పది పాయింట్లు చేరారు.

అయినా ఈ ఆటతో నాకో పేచీ ఉంది. మామూలు పెట్టెతో నలుగురే ఆడగలరు. మా ఇంట్లో ప్రతిసారీ ఒకరు ఊరికే కూర్చున్నారు. 7 పడ్డప్పుడు దొంగ వచ్చి తన పలక మీదే నిలిచాడని చిన్నది ఏడ్చేసింది కూడా.

చరిత్ర రెండు ముక్కల్లో: పళ్ల సెట్లు తయారుచేసే పని చేసిన క్లౌస్ టాయ్‌బర్ 1995లో జర్మనీలో కటాన్‌ను తెచ్చారు. ఆ దేశపు ‘ఏటి మేటి ఆట’ పురస్కారం అదే ఏడాది కటాన్‌కూ, 2001లో కార్కసాన్‌కూ, 2004లో టికెట్ టు రైడ్‌కూ దక్కింది.

మిగతా రెండూ

టికెట్ టు రైడ్: ఐదుగురిదాకా ఆడొచ్చు. మనిషికి 45 బోగీలు. ఒక బోగీ దారికి ఒక పాయింటు, ఆరు బోగీల దారికి ఏకంగా 15. అందుకే పొడుగు దారుల కోసం ఓపిక పట్టడం పిల్లలకి తొందరగా అలవాటవుతుంది.

కార్కసాన్: 72 పలకలు పేర్చుకుంటూ కోటలు, బాటలు కట్టాలి. ఐదుగురిదాకా ఆడొచ్చు గానీ ఇద్దరున్నప్పుడే మాకు బాగా రక్తి కట్టింది.

అందరూ మెచ్చుకుంటున్నారని ముందే కటాన్ కొనకండి. ఐదుగురున్న ఇంటికి మొదటి పెట్టె టికెట్ టు రైడే. నలుగురే ఉండి, పిల్లలకు పదేళ్లు దాటితే కటాన్ తెచ్చుకోండి. మొదటి ఊరు పెట్టేముందు ఆ చుక్కలు అమ్మమ్మకో నానమ్మకో ఒకసారి చూపించండి.