బీజకణాలలో ఎక్స్ క్రోమోసోము మౌనం

సంతానం కలగకపోతే మన ఇళ్లలో ముందుగా మాట పడేది కోడలు. లోపం కొడుకులో ఉండవచ్చునన్న ఆలోచన చాలా ఆలస్యంగా వస్తుంది. ఒక్కొక్కసారి రానే రాదు. శుక్రకణం తయారయ్యే దారిలో ఎన్ని మలుపులున్నాయో తెలిస్తే అంత తొందరగా నింద వేయలేము. ఆ మలుపులలో ఒకదానిని ఇక్కడ వివరిస్తాము. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ, ఇంగ్లీషు మాధ్యమాలలో జీవశాస్త్రం చదువుతున్న మన విద్యార్థులు ఇటువంటి సంగతులను ఇంట్లో తెలుగులోనే చెప్పగలగాలన్నది మా కోరిక.

మానవ కణంలో 46 క్రోమోసోములు 23 జతలుగా ఉంటాయి. వీటిలో 22 జతలు స్త్రీ పురుషులలో ఒకే తీరువి. మిగిలిన జతలో స్త్రీకి రెండు ఎక్స్‌లు, పురుషునికి ఒక ఎక్స్, ఒక వై. ఎక్స్ మీద మాంసకృత్తులను తయారుచేయించే జన్యువులు 800కు పైగా ఉన్నాయి. వై మీద అవి చాలా తక్కువ. అలాగైతే స్త్రీ కణాలలో ఎక్స్ జన్యువుల పని రెండింతలు జరగాలి కదా? అలా జరగదు. ఎందుచేత?

1949లో కెనడాలో మర్రే బార్, ఈవర్ట్ బెర్‌ట్రామ్ అనే పరిశోధకులు పిల్లుల నాడీకణాలను పరీక్షిస్తూ, ఆడపిల్లుల కణకేంద్రకంలో ఒక ముదురు చుక్కను గమనించారు. మగవాటిలో అది కనిపించలేదు. 1961లో బ్రిటిష్ శాస్త్రవేత్త మేరీ లయన్, ఎలుకల ఒంటిమీది రంగుల తీరును బట్టి, ఆడపిండం తొలిదశలోనే ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఏదో ఒకటి మూతపడుతుందని ప్రతిపాదించారు. ఆ కణం నుండి పుట్టిన కణాలన్నీ అదే ఏర్పాటును కొనసాగిస్తాయి. నలుపు, నారింజ మచ్చలు కలగలిసిన పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే కావడానికి కారణం ఇదే. మూతపడే ఎక్స్ మీద పనిచేసే ఎక్సిస్ట్ అనే జన్యువు 1991లో బయటపడింది. దాని నుండి వెలువడిన ఆర్.ఎన్.ఏ. ఆ క్రోమోసోమునే కప్పివేసి, దానిమీది జన్యువులలో అధికభాగాన్ని మౌనంగా ఉంచుతుంది.

శరీరకణాలలో ఈ ఏర్పాటు జీవితాంతం నిలుస్తుంది. బీజకణాల కథ వేరు. ఆడపిండంలో అండాలు కాబోయే కణాలు క్షయకరణ విభజనకు సిద్ధమయ్యే వేళకు, మూతపడిన ఎక్స్ మళ్లీ తెరుచుకుంటుంది. అందువల్ల అండానికి రెండింటిలో ఏది చేరినా అది పనిచేసే స్థితిలోనే ఉంటుంది.

మగవారిలో జరిగేది దీనికి తలకిందులు. శరీరకణాలలో వారి ఏకైక ఎక్స్ తెరిచే ఉంటుంది. వృషణాలలో క్షయకరణ విభజన నడుమ మాత్రం ఎక్స్, వై రెండూ మూతపడతాయి. ఈ విభజనలో జత క్రోమోసోములు కాడికి కట్టిన జోడెద్దుల వలె పక్కపక్కన చేరాలి. ఎక్స్, వైలు ఈడూ జోడూ కానివి. కొనల దగ్గర మాత్రమే కలుస్తాయి. జత దొరకని మిగతా భాగాన్ని కణం గుర్తుపడుతుంది. అక్కడి హెచ్2ఏఎక్స్ అనే హిస్టోన్ మాంసకృత్తుకు ఫాస్ఫేటు చేరుతుంది. రెండు క్రోమోసోములూ ముడుచుకొని, కేంద్రకం అంచున చిన్న మూటలాగా ఏర్పడతాయి. ఈ మౌనానికి ఎక్సిస్ట్‌తో పనిలేదు. హెచ్2ఏఎక్స్ లేని మగ ఎలుకలలో ఈ మూట ఏర్పడదని, శుక్రకణాల తయారీ సగంలో ఆగి అవి గొడ్డువవుతాయని 2003 నాటికి తేలింది. కనుక ఈ మౌనం లోపం కాదు, అవసరం.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. కణం చక్కెర నుండి శక్తిని రాబట్టడానికి కావలసిన ఎంజైములలో పి.జి.కె. ఒకటి. దాని అసలు జన్యువు ఎక్స్ మీదే ఉంది. ఎక్స్ మూతపడితే ఎలా? పూర్వమెప్పుడో ఆ జన్యువు తాలూకు ఆర్.ఎన్.ఏ. నుండి తయారైన ఒక నకలు మరొక క్రోమోసోములో చేరి స్థిరపడింది. మానవులలో అది 6వ క్రోమోసోము మీద ఉంది. మూలప్రతి ఉన్న గదికి తాళం పడినప్పుడు పొరుగింటి ప్రతి అక్కరకు వచ్చినట్లు, ఈ నకలు వృషణాలలో పని అందుకుంటుంది. దానిని తొలగించిన మగ ఎలుకలలో శుక్రకణాలు తయారైనా, వాటి చలనం బాగా తగ్గి సంతానశక్తి దెబ్బతింటుందని 2010లో వెల్లడైంది.

2017లో మరింత స్పష్టమైన ఉదాహరణ దొరికింది. ఎక్స్ మీది ఒక రైబోసోము జన్యువుకు ఇటువంటి నకలే వేరొకచోట ఉంది. ఎలుకలలో ఆ నకలును తొలగిస్తే క్షయకరణ విభజన ఆగిపోయింది. అసలు జన్యువునే ఆ దశలో పనిచేసేటట్లు వేరొకచోట చేర్చితే శుక్రకణాల తయారీ మళ్లీ సాగింది. అంటే నకలు చేస్తున్నది మూలం చేసే పనే; మూలం మౌనంగా ఉన్న వేళ అది కావలసివచ్చింది.

పురుషులలో సంతానలేమికి కారణాలు అనేకం. వాటన్నిటికీ ఈ మౌనమే మూలమని మేము చెప్పడం లేదు. పైన చెప్పిన ప్రయోగాలు ఎలుకలలో జరిగినవి. ఐనా ఒక సంగతి మాత్రం తేటతెల్లం. బిడ్డ పుట్టుక వెనుక తండ్రి కణాలలోనూ సరైన వేళకు నోరు మూయవలసినవి, సరైన వేళకు పని అందుకోవలసినవి ఎన్నో ఉన్నాయి. పరీక్ష అవసరమైనప్పుడు అది ఇద్దరికీ జరగాలి. ఈ ఒక్క మాట మన విద్యార్థులు తమ ఇంటి పెద్దలకు తెలుగులో చెప్పగలిగితే, ఎక్కడో ఒక కోడలికి నింద తప్పుతుంది.