ఇంటి గొంతును పదిలపరచు పెట్టె

మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా కనబడుచున్నది. “మా అమ్మగారు మంగళహారతులు పాడుదురు. మా అమ్మాయి వీణ నేర్చుకొనుచున్నది. ఇంటను, ఊరికి పోయినప్పుడును వీరి పాటలను చక్కగా రికార్డు చేయుటకు ఏ యంత్రము కొనవలెను?” అని శ్రోతలు అడుగుచున్నారు. ఫలానా కంపెనీ సరకు కొనుడని చెప్పుట మాకు తగదు. అంగడికి పోవుటకు ముందు ఏమేమి విచారించుకొనవలెనో మాత్రము చెప్పగలము.

1951లో స్టెఫాన్ కుడెల్‌స్కి అను ఇంజనీరు నిర్మించిన ‘నాగ్రా’ అను టేపు రికార్డరు, మోసికొని పోదగిన యంత్రములలో మిక్కిలి పేరొందినది. పోలిష్ భాషలో ఆ మాటకు ‘రికార్డు చేయును’ అని అర్థము. అటువంటివి రేడియోవారికిని సినిమావారికిని తప్ప గృహస్థులకు అందెడివి కావు. నేడు ‘ఆడియో ఇంటర్‌ఫేస్’ అని అంగడివారు పిలుచు చిన్న పెట్టె చేతిసంచిలో ఇముడుచున్నది.

ఈ పెట్టె చేయు పనులు మూడు. మైకునుండి వచ్చు అతిస్వల్పమైన విద్యుత్తును పెంచుట మొదటిది. దానిని అంకెలుగా మార్చి కంప్యూటరునకో ఫోనునకో అందించుట రెండవది. ఆ అంకెలను మరల శబ్దముగా మార్చి హెడ్‌ఫోనులో వినిపించుట మూడవది. ఫోనులోనే ఇవన్నియు లేవా యని అడుగవచ్చును. ఉన్నవి. కాని ఫోను మైకు సంభాషణకై ఏర్పడినది. కొన్ని ఫోనులు ఎడతెగని నాదమును రొదగా భావించి అణచివేయును. అప్పుడు తంబురా శ్రుతియే మాయమగును.

ఇక ఎంపిక. మొదట చూడవలసినది, ఒకేసారి ఎన్ని మైకులు కావలెనన్నది. ఒక గొంతునకు ఒకటి చాలును. గొంతును వీణను వేరువేరుగా పట్టవలెనన్న రెండు కావలెను. మృదంగము కూడ చేరినచో నాలుగు దారులున్న పెట్టె మేలు. అంతకు మించినది చాలమంది ఇండ్లలో బరువే.

రెండవది మైకు జాతి. డైనమిక్ మైకు గట్టిది, ప్రయాణమునకు ఓర్చును. కాని మెల్లని గొంతును పట్టుటకు దానికి దాదాపు 60 డెసిబెల్‌ల పెంపు, అనగా వోల్టేజిని వేయిరెట్లు చేయు శక్తి, కావలసివచ్చును. ఆ పెంపులో బుసబుసమను చప్పుడు రాకుండుటయే పెట్టె నాణ్యతకు గురుతు. కండెన్సరు మైకు సున్నితమైనది. దానికి సాధారణముగా పెట్టెయే 48 వోల్టుల విద్యుత్తును అందీయవలెను. వీణకు అంటించు కాంటాక్టు మైకునకు ‘ఇన్‌స్ట్రుమెంట్’ అని గురుతున్న దారి వాడవలెను. సాధారణ మైకు దారిలో పెట్టినచో మంద్రస్వరములు పలుచనై, నాదము డొల్లగా వినబడును.

మూడవది విద్యుత్తు. ప్రయాణములో దీనికంటె ముఖ్యమైనది లేదు. ఈ పాఠమును మేము కష్టపడి నేర్చుకొంటిమి. ఒకసారి మా మేనత్తగారి ఊరికి పోయి, ఆమె పాడు ఉయ్యాల పాటను రికార్డు చేయబూనితిమి. పెట్టెను ఫోనునకే తగిలించితిమి. మర్యాదగా ఉండదని హెడ్‌ఫోను పెట్టుకొనలేదు. ఆమె కన్నులు మూసికొని పాట ముగించిన తరువాత చూడగా, నాలుగు చరణములు మాత్రమే నిలిచినవి. కండెన్సరు మైకును పోషించుటకు ఫోను ఇచ్చు విద్యుత్తు చాలక పెట్టె నడుమనే ఆగిపోయినది. “మళ్ళీ వచ్చినప్పుడు పాడతాలే నాయనా” అన్నది అత్తయ్య. మరల మేము పోవునప్పటికి ఆమె లేదు. తక్కిన చరణములు మా ఇంట మరెవరికిని రావు.

సాధారణమైన యు.ఎస్.బి. 2.0 దారి ఇచ్చునది 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు, అనగా రెండున్నర వాట్లు. ఫోనులు అంతయు ఇచ్చునన్న నమ్మకము లేదు. కావున పవర్ బ్యాంకు తగిలించుటకు వేరొక రంధ్రమున్న పెట్టెను కోరుడు. ప్రత్యేకమైన డ్రైవరు లేకయే మీ ఫోనుతో పనిచేయునో లేదో అంగడిలోనే తగిలించి చూడుడు. ల్యాప్‌టాప్ వాడువారికి గుయ్యిమను మ్రోత వినవచ్చినచో చార్జరును తీసి చూడవలెను. తరచుగా దోషమక్కడనే ఉండును. ఊళ్ళు తిరిగి రికార్డు చేయుటయే ముఖ్యమైనచో, బ్యాటరీతో తానే రికార్డు చేసికొను చేతిరికార్డరు మేలు. వానిలో కొన్ని ఇంటివద్ద ఇంటర్‌ఫేస్‌గా కూడ పనిచేయును.

నాలుగవది, పెట్టె అట్టమీద ఆర్భాటముగా ముద్రించు అంకెలు. మనిషి చెవి వినగలది సెకనుకు దాదాపు 20,000 కంపనముల వరకే. దానికి రెట్టింపునకు మించి కొలతలు తీసిన చాలును గనుక సెకనుకు 48,000 కొలతలు ధారాళముగా సరిపోవును. 192,000 అన్న అంకెకై అదనపు సొమ్ము పెట్టనక్కరలేదు. 24 బిట్ల సౌకర్యము మాత్రము తప్పక ఉండవలెను. అప్పుడు మీటరు శిఖరమునకు 12 డెసిబెల్‌లు తక్కువగా ఉంచి, పాటగత్తె హఠాత్తుగా తారస్థాయి నందుకొన్నను గొంతు పగులకుండ కాపాడవచ్చును. ఈ లెక్కన ఒక మైకుతో గంటసేపు చేసిన రికార్డు దాదాపు 520 మెగాబైట్లగును.

ఐదవది ఆలస్యము. కంప్యూటరు శబ్దమును గుంపులుగా తీసికొనును. 256 కొలతల గుంపునకు ఐదు మిల్లీ సెకనులు పట్టును. పోవుటకును వచ్చుటకును కలిపి పదికి పైబడును. తన గొంతు తనకే ఆలస్యముగా వినబడిన గాయకునకు తాళము తప్పును. మైకు శబ్దమును నేరుగా హెడ్‌ఫోనునకు పంపు ‘డైరెక్ట్ మానిటర్’ మీట ఉన్నచో ఈ బాధ లేదు.

ఎంత మంచి పెట్టెయైనను తిరుగుచున్న ఫంకా చప్పుడును తీసివేయజాలదు. ఫంకా ఆపుడు, తలుపులకు దుప్పట్లు కట్టుడు, మైకును నోటికి జానెడు దూరమున ఉంచుడు. పాటకు ముందు పాడువారి పేరు, ఊరు, తేదీ చెప్పించుడు. ముగిసిన వెంటనే విని చూచి, రెండు చోట్ల దాచుడు.

కొనుటకు తొందర లేదు. కాని పెట్టె వచ్చునంతవరకు పెద్దవారిని వేచియుండుమనవలదు. ఫంకా ఆపి, చేతనున్న ఫోనుతోనే ఈ సాయంకాలము ఒక పాట పాడించుకొనుడు.