వలిసె మడి వేద్దాం రండి

మన బడి తోటలో బంతి ఉంది, కనకాంబరం ఉంది. వలిసె మాత్రం లేదు. అది చేలో పంట గదా, తోటలో ఎందుకు అంటారేమో. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు మడి ఉంటే చాలు. మా ఇంట్లో చూసినవీ, సైన్సు సారు చెప్పినవీ కలిపి రాస్తున్నాను.

వలిసె పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. అక్కడి వాళ్లు కూడా దీని నూనె తింటారు. పొద్దుతిరుగుడు, బంతి, వలిసె ఒకే కుటుంబం. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పూల గుత్తి. చుట్టూ ఉండే ఒక్కో పచ్చ రేకూ ఒక పువ్వే. మధ్యలో 40కి పైగా బుల్లి పూలుంటాయి. ఒక్కో బుల్లి పువ్వుకి ఒక్క గింజే.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో విత్తాలి. ఎర్రమట్టయినా, రాళ్ల నేలయినా ఫరవాలేదు. ముందు విత్తనాన్ని సన్న జల్లెడ పట్టండి. బంగారు తీగ గింజలు దీనికంటే చిన్నవి, కిందికి రాలిపోతాయి. ఆ తీగ మొలిస్తే వలిసె మొక్కకి చుట్టుకుని దాని రసం పీల్చేస్తుంది. ఎక్కడైనా కనబడితే పూత రాకముందే, అది చుట్టుకున్న మొక్కతో సహా పీకెయ్యాలి.

మన మడికి రెండు చిన్న చెంచాల గింజలు సరిపోతాయి. సన్నగా ఉంటాయి కాబట్టి ఇసకలో కలిపి, అడుగుకో వరస చొప్పున వేసి, పల్చగా మట్టి కప్పాలి. రెండు వారాలయ్యాక ఒత్తుగా ఉన్నవి పీకి, మొక్కకీ మొక్కకీ జానెడులో సగం దూరం ఉంచాలి.

ఇప్పుడు అసలు సంగతి. వలిసె మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు. పక్క మొక్క పుప్పొడి రావాలి. అది తెచ్చేది ఎక్కువగా తేనెటీగలే. అందుకే ఒక్క మొక్క వేస్తే పూలు చూసుకోవచ్చు గానీ గింజలు రావు. పూత మీద పురుగుమందు కొడితే ఈగలు చస్తాయి, గింజ తాలుపోతుంది.

మా అరకు వైపు పూలకాలంలో ఫొటోల కోసం జనం చేలల్లోకి దిగుతారు. కొందరు రైతులు అందుకు డబ్బులు తీసుకుంటారు. అది తప్పని నేననను. కానీ తొక్కిన మొక్క మళ్లీ లేవదు. ఆ పూలే మా ఇంట్లో కూరకి నూనె, మళ్లీ ఏటికి విత్తనం. వచ్చిన వాళ్లకి ఈ మాట మనమే చెప్పాలి. గట్టు మీద నిలబడినా ఫొటో బాగానే వస్తుంది.

సుమారు వంద రోజులకి ఆకులు ఎండి, పూతలలు నల్లబడతాయి. అప్పుడు కోసి, ఆరబెట్టి, కర్రతో కొడితే నల్లటి గింజలు రాలతాయి.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఎవరింట్లో వలిసెలుంటే వాళ్లు గుప్పెడు తెండి. ఎండబెట్టి సీసాలో దాస్తే ఆగస్టు దాకా ఉంటాయి. మడి తవ్వడానికి నేను సిద్ధం. ఇంకెవరు వస్తారు?