మూడు తరముల విహారయాత్ర

పూర్వము కుటుంబమంతయు గదలి దూరదేశమునకు బోవుట సామాన్యమైన పని గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున మదరాసునుండి పెద్ద పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, 1831లో తిరిగివచ్చిరి. అట్టి ప్రయాణమునకు విడుదులు, వంటసరకులు, మందులు, బోయీలు, ఇన్నియు ముందుగా నాలోచింపవలసియుండెను. నేడు విమానము మనల నొక్క దినములో నావలి ఖండమున దింపుచున్నది. అయినను వృద్ధులను, పసివారిని వెంటబెట్టుకొని పోవు ఇల్లాలికి ఆలోచన తగ్గినదని చెప్పుటకు వీలులేదు.

మన సోదరీమణులలో పలువురి బిడ్డలు అమెరికాలో కాపురములు చేయుచున్నారు. తలిదండ్రులు వారిని జూచుటకు బోయి కొన్ని నెలలుండి వచ్చుచున్నారు. అప్పుడు మనుమలు, మనుమరాండ్రు తఱచుగా గోరు కోరిక ఒక్కటే: తాతగారితోను, నాయనమ్మగారితోను ఫ్లారిడాలోని డిస్నీ వరల్డునకు బోవలెనని. మూడు తరములవారు ఒక్కచోట నుండు దినములు జీవితములో మిక్కిలి కొలది. ఆ కొలది దినములు బడలికతోను, మాటపట్టింపులతోను గడచినచో పోవునది ధనము మాత్రమే కాదు. కావున ఈ యాత్రను గూర్చి మాకు దోచిన నాలుగు మాటలు ఇచట వ్రాయుచున్నాము.

స్థలము

వాల్ట్ డిస్నీగారు 1966లో గతించిరి. వారు తలపెట్టిన ఈ విహారస్థలమును వారి యన్నగారు రాయ్ డిస్నీ పూర్తిచేయించి 1971వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన తెఱపించిరి. ఇది ఓర్లాండో నగరమునకు సమీపమున నున్నది. దీని వైశాల్యము సుమారు 25,000 ఎకరములు. అనగా ఇంచుమించు సాన్‌ఫ్రాన్సిస్కో నగరమంత. ఇందు నాలుగు పెద్ద పార్కులు గలవు. మొదటిది రాజకుమార్తెల కోటగల మ్యాజిక్ కింగ్‌డమ్. ఎప్కాట్ 1982లోను, నేడు హాలీవుడ్ స్టూడియోస్ అనబడునది 1989లోను, యానిమల్ కింగ్‌డమ్ 1998లోను తెఱువబడినవి. ఇవిగాక జలక్రీడాస్థలములును, పెక్కు హోటళ్ళును గలవు. ఇంతటి చోటును రెండు దినములలో జూచివత్తుమనుకొనుట, తిరుపతి, శ్రీశైలము, భద్రాచలము ఒక్క పూటలో సేవింతుమనుకొనుట వంటిది. దినమునకొక పార్కు, నడుమ నొక దినము విశ్రాంతి యని ముందే నిశ్చయించుకొనుట మేలు.

కాలము

అమెరికాలో పిల్లలకు బడిసెలవులు వేసవిలో వచ్చును. కాని ఫ్లారిడాలో జూను మొదలు సెప్టెంబరు వఱకు ఎండ, ఉక్క మిక్కుటము. మధ్యాహ్నము దాటగానే ఉఱుములు, మెఱుపులతో వాన కురియుట పరిపాటి. మెఱుపులున్నంతసేపు ఆరుబయటి వాహనములను నిలిపివేయుదురు. జూను 1వ తేదీ మొదలు నవంబరు 30వ తేదీ వఱకు తుపానుల కాలము. క్రిస్టమసు వారములో వాతావరణము హాయిగా నున్నను జనసమ్మర్దము చెప్పనలవికాదు. పండుగ సెలవులు లేని జనవరి చివరిదినములు, ఫిబ్రవరి మొదటిదినములు వృద్ధులకు ననుకూలము. బడి మానుట యిష్టము లేనివారు వేసవిలోనే పోవలసివచ్చినచో, ఉదయమును, సాయంకాలమును మాత్రమే వాడుకొని, నడిమధ్యాహ్నమును విడిదిలో గడపవలెను.

ఎవరి శక్తి యెంత?

ఒక కుటుంబము ననుకొందము. తాతగారికి 72 ఏండ్లు, రక్తపుపోటు గలదు. నాయనమ్మగారికి 67 ఏండ్లు, మోకాళ్ళ నొప్పి. కొడుకు, కోడలు ఉద్యోగస్థులు. మనుమరాలికి 9 ఏండ్లు. మనుమనికి 4 ఏండ్లు, ఎత్తు 39 అంగుళములు. ఈ యాఱుగురును ఒక్క వేగమున నడువగలరా?

ఇచట దినమునకు పది కిలోమీటర్లు నడచుట వింతగాదు. “అత్తయ్యగారూ, మీరు నడవగలరా?” యని కోడలడిగినచో, “నాకేమమ్మా, మీతోబాటే నడుస్తాను” అనియే యామె ప్రత్యుత్తరము. మన పెద్దలు పిల్లల యుత్సాహమునకు తాము అడ్డు కాకూడదని బాధను దాచుకొందురు. కావున ఆ ప్రశ్న యడుగుటకంటె, ప్రయాణమునకు నెల దినములు ముందుగా వారితో సాయంకాలమున నడచి చూడవలెను. ఎంత దూరమునకు కూర్చుండగోరుచున్నారో, మఱునాడు కాళ్ళు వాచుచున్నవో లేదో అదియే నిజమైన ప్రత్యుత్తరము.

చక్రాలకుర్చీ యన్న మాటకు కొందఱు పెద్దలు చిన్నబుచ్చుకొందురు. “అంత చేతకాని దాననైనానా?” యని నాయనమ్మగా రనవచ్చును. అది రోగికని చెప్పక, దూరమునకని చెప్పవలెను. పార్కుల ద్వారములయొద్ద చక్రాలకుర్చీలు అద్దెకు దొరకును. ముందు వచ్చినవారికే అవి లభించును గాన ప్రొద్దుననే పోవలెను. కుర్చీ యున్నంతమాత్రమున వరుసలో ముందునకు బంపరని తెలిసికొనవలెను; వరుసలు పెక్కింటిలో కుర్చీతోనే సాగిపోవచ్చును.

విడిది, వంట

ఆఱుగురికి ఒక్క గది చాలదు. ప్రక్కప్రక్కనున్న రెండు గదులో, కుటుంబములకని కట్టిన పెద్ద వసతియో, లేక సమీపమున కిసిమ్మీ ప్రాంతమున అద్దెకిచ్చు ఇల్లో తీసికొనవలెను. వృద్ధులకు వేఱుగా నొక గది, దానికి జేరిన స్నానగృహము నుండుట ముఖ్యము. రాత్రి రెండుమాఱులు లేచువారు నిద్రించుచున్న పిల్లలను దాటుకొని పోవలసిన యవస్థ యుండరాదు. డిస్నీవారి హోటళ్ళలో దిగినచో వారి బస్సులే పార్కులకు గొనిపోవును. బయట దిగి మ్యాజిక్ కింగ్‌డమునకు కారులో బోవువారు కారు నిలిపినచోటినుండి మోనోరైలునో, పడవనో యెక్కి ద్వారము చేరవలసియుండును. దానికి పట్టు కాలమును లెక్కలో జేర్చుకొనవలెను.

వంటగదిగల యిల్లు మనవారికి బహు ప్రియము. కాని ఇచటనే యొక చిక్కు గలదు. తెల్లవాఱుజామున లేచి అత్తగారు పులిహోర కలుపుటయు, రాత్రి తిరిగివచ్చి కోడలు గిన్నెలు తోముటయు నైనచో, విహారము మగవారికిని పిల్లలకును మాత్రమే యగును. ఇద్దఱు స్త్రీలకు వంటయిల్లు మాఱినదే గాని పని మాఱలేదు. ఉదయము కాఫీ, ఫలాహారము మాత్రమే యింటిలోనని, గిన్నెల పని మగవారిదని బయలుదేరుటకు ముందే నిర్ణయించుకొనవలెను.

పార్కులలోనికి మన యాహారమును గొనిపోవుటకు అనుమతి గలదు. గాజుపాత్రలు మాత్రము కూడదు. పులిహోర, చపాతీలు, పండ్లు, వేయించిన పప్పులు చాలును. తినుబండారములమ్ము అంగళ్ళలో నడిగినచో చల్లని నీరు ఉచితముగా నిత్తురు. శాకాహారులు ముందుగానే తెలిపినచో భోజనశాలలలో తగిన పదార్థములను జెప్పుదురు. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలోని సనా యను భోజనశాలలో ఆఫ్రికా వంటలతోబాటు మన దేశపు రుచులు, నాన్‌లు, పచ్చళ్ళు దొరకును. భోజనము చేయుచు కిటికీలోనుండి జిరాఫీలను జూడవచ్చును. పిల్లల కింతకంటె వేడుక యేమున్నది?

టిక్కెట్లు, వాహనములు

మూడేండ్లలోపు శిశువులకు టిక్కెట్టు లేదు. 3 మొదలు 9 ఏండ్ల వఱకు పిల్లల టిక్కెట్టు. 10 ఏండ్లు నిండినచో పెద్దల టిక్కెట్టే. పెద్దలకు దినమునకు నూఱు డాలర్లకు పైబడియే యగును. తేదీనిబట్టి ధర మాఱును. దినముల సంఖ్య పెరిగినకొలది దినమునకు బడు వెల తగ్గును. వరుసలలో వేచియుండు కాలమును దగ్గించుటకు 2021 మొదలుగా లైట్నింగ్ లేన్ అను పేర వేఱు రుసుములు గలవు. ఆఱుగురికిని కొనుట యనవసరము; ఎవరే వాహన మెక్కుదురో చూచుకొని కొనవలెను.

కొన్ని వాహనములకు ఎత్తు నిబంధన గలదు. ఏడుగురు మరుగుజ్జుల గనిబండికి 38 అంగుళములు, టవర్ ఆఫ్ టెర్రర్‌నకు 40, స్పేస్ మౌంటెన్‌నకు 44, ట్రాన్ బండికి 48 అంగుళము లుండవలెను. మన 39 అంగుళముల చిన్నవానికి మొదటిది తప్ప తక్కినవి లేవు. ఈ సంగతి ఇంటియొద్దనే వానికి జెప్పవలెను. వరుస చివరకు జేరినపిదప కొలబద్దయొద్ద కంటనీరు పెట్టించుట న్యాయము గాదు. తలిదండ్రులలో నొకరు బిడ్డయొద్ద నిలిచి, మఱియొకరు వచ్చినపిదప మరల వరుసలో వేచియుండకయే యెక్కు నేర్పాటును గలదు. దానిని “రైడర్ స్విచ్” అందురు.

నాయనమ్మగారున్నారుగదా, ఆమెయే పిల్లవానిని జూచుకొనునని ప్రతివాహనమునొద్దను ఆమెను బల్లపై గూర్చుండబెట్టి పోవుట మిక్కిలి సులభము. అట్లు చేయుటకంటె రైడర్ స్విచ్చును వాడుకొనుట ఉచితము. సముద్రములు దాటివచ్చిన యామె సంచులకు కావలియుండుటకు రాలేదు.

పెద్దలు చూడదగినవి

ఎప్కాట్‌లో “లివింగ్ విత్ ది ల్యాండ్” అను పడవప్రయాణము గలదు. పడవ మెల్లగా గాజుపందిళ్ళలోనుండి పోవుచుండును. మట్టిలేకయే పెంచిన టమాటాలు, గుమ్మడికాయలు మొదలగునవి, చేపల తొట్లు కానవచ్చును. వ్యవసాయ మెఱిగిన తాతగారు మనుమనికి చెప్పవలసిన సంగతు లచట నెన్నియో యుండును. యానిమల్ కింగ్‌డమ్‌లో “మహారాజా జంగిల్ ట్రెక్” అను కాలిబాటలో, మన దేశపు పాత కోటగోడల నడుమ పెద్దపులులను జూడవచ్చును. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో “ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్” అను పడవయు, 1917లో చెక్కిన గుఱ్ఱములతో దిరుగు రంగులరాట్నమును మూడు తరములవారు కలిసి యెక్కదగినవి. యానిమల్ కింగ్‌డమ్‌లోని సఫారీ బండి మాత్రము కుదుపులతో బోవును. నడుమునొప్పిగలవారు ఆలోచించి యెక్కవలెను.

ఆరోగ్యము

విదేశమునుండి వచ్చిన వృద్ధులకు అమెరికాలో వైద్యవ్యయము దుర్భరము. యాత్రీకుల భీమా తీసికొనునపుడు, పూర్వమునుండియున్న వ్యాధులకు అది వర్తించునో లేదో చదివి తెలిసికొనవలెను. మందులను వాని సీసాలతోనే, వైద్యుని చీటితోగూడ చేతిసంచిలో నుంచుకొనవలెను. ప్రతిపార్కులోను ప్రథమచికిత్సాలయమును, శిశువులకు పాలిచ్చుటకు, గుడ్డలు మార్చుటకు వేఱు గృహమును గలవు. పటములో వాని చోటును మొదటనే గుఱుతుపెట్టుకొనవలెను. పెద్దల జేబులలో కొడుకు, కోడళ్ళ ఫోను సంఖ్యలు వ్రాసిన చీటి యుండవలెను. చేతిలో ఫోనున్నను దాని విద్యుత్తు తీఱిపోవచ్చును.

వ్యయము, మాటపట్టింపు

డాలర్లను రూపాయలలోనికి మార్చుకొని గుండె బాదుకొనుట మన పెద్దలకు సహజము. “ఈ ఖర్చుతో ఊళ్ళో పెండ్లి చేయవచ్చును” అని తాతగారనగానే కొడుకు మొగము ముడుచుకొనును. వ్యయమెంతయో, అది యెవరు భరింతురో ముందే నిదానముగా మాటలాడుకొన్నచో ద్వారమునొద్ద ఈ సంభాషణ రాదు. పెద్దలు తమవంతుగా నొకపూట భోజనమునకో, మనుమల బొమ్మలకో ఇత్తుమన్నచో కాదనరాదు. ఇచ్చుటలో వారికొక గౌరవము గలదు.

ఇంకొక చిన్న యేర్పాటు. ప్రతిదినము ఒక్కొక్కరు ఒక్కొక్క కోరిక చెప్పవలెను. మిగిలినవారు దానిని నెరవేర్పవలెను. నాయనమ్మగారి కోరిక నీడలో నొక గంట కూర్చుండి జనమును జూచుటయే కావచ్చును. అదియు నొక వినోదమే. దానిని కాలము వృథాచేయుటగా నెంచరాదు.

సోదరీమణులారా! ఎన్ని వాహనము లెక్కితిమని లెక్కించువారికి ఎక్కనివే యెప్పుడును హెచ్చుగా గనబడును. అందఱును సగము చూచి, నవ్వుమొగములతో ఇల్లు చేరుట, అన్నియు జూచి ఒకరితో నొకరు మాటలాడక చేరుటకంటె మేలు. తాతగారు తిరిగి స్వదేశమునకు బోవునాడు మనుమని చేయి విడువలేక విడుచునపుడు, ఆ యిరువురి నడుమ చెప్పుకొనుటకు నాలుగు మంచి కథలున్నచో యాత్ర సఫలమైనట్లే.